టైబ్రేకు: సమానుల తగవు తీఱు మార్గము



సమానబలము గల యిద్దఱు పోరునకు దిగినప్పుడు ఆ పోరు ఎట్లు ముగియవలెను? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. భీమజరాసంధుల మల్లయుద్ధమును పురాణకాలక్షేపములలో మన మందఱమును వినియున్నాము. దినముల తరబడి పెనగినను వారిలో నొకరు రెండవవారిని గెలువలేకపోయిరి. కడకు శ్రీకృష్ణుడు చెట్టుకొమ్మ నొకదానిని నిలువున చీల్చి సైగ చేసినపిదప గాని ఆ పోరు తీఱలేదు. గజేంద్రుడును మకరియు వేయేండ్లు పోరాడిరి. నీటిలోనున్న మొసలికి నానాటికి బలము హెచ్చెను. గట్టు విడిచిన యేనుగునకు నానాటికి తగ్గెను. ఈ రెండు కథలలోను పోరు ముగియుటకు పోరాడువారు గాక మఱియొకరు రావలసివచ్చినది.

మనుష్యులాడుకొను ఆటలో అట్టి దైవసహాయమును కోర వీలులేదు. ముగింపు ఆటలోనే యుండవలెను. అది యిరుపక్షములకును సమముగా నుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఆట మొదలిడుటకు ముందే అందఱకును తెలిసియుండవలెను. టెన్నిసు ఆటలో ఇట్టి ముగింపు నొకదానిని ఏర్పఱచుకొనిరి. దానికే టైబ్రేకు అని పేరు. ఈ నెల మేము దానినిగుఱించి వ్రాయదలచితిమి. ఆటల సంగతి మగవారిదని మీరు పుట త్రిప్పివేయవలదు. మన హైదరాబాదు ఆడుబిడ్డ యొకతె వింబుల్డనులో గెలుపొందిన నాటి కథ ఈ టైబ్రేకుమీదనే నిలిచియున్నది. అంతేకాదు, ఇందలి న్యాయము మన వంటయింటి గడప దాటి లోపలికి రావలసిన న్యాయము.

మొదట ఆట లెక్క తెలిసికొందము. ఎదుటివారివైపు బంతిని మొట్టమొదట కొట్టుటను సర్వీసు అందురు. ఒక గేము పొడవునను ఒకరే సర్వీసు చేయుదురు. తరువాతి గేమున రెండవవారు చేయుదురు. గేములోని పాయింట్లను 15, 30, 40 అని లెక్కింతురు. ఇరువురును 40 వద్ద నిలిచినచో అటుపై వరుసగా రెండు పాయింట్లు గెలిచినవారిది గేము. ముందుగా ఆఱు గేములు గెలిచినవారిది సెట్టు. అయితే ఎదుటివారికంటె రెండు గేములు ఎక్కువ యుండవలెను. 6–4 చాలును; 6–5 చాలదు, 7–5 కావలెను. స్త్రీల పోటీలలో మూడు సెట్లలో రెండు గెలిచినవారు విజేతలు.

చిక్కు ఎక్కడ నున్నదనగా, సర్వీసు చేయువారికి సహజముగా బలము హెచ్చు. తనకు నచ్చిన వేగముతో, తనకు నచ్చిన మూలకు బంతిని కొట్టు అవకాశము వారిది. నీటిలోని మొసలివంటిది వారి స్థితి. ఇద్దఱును సమర్థులైనచో ఎవరి సర్వీసు గేమును వారు గెలుచుకొనుచుందురు. 6–6, 7–7, 8–8 అని లెక్క పెరుగుచునే యుండును గాని రెండు గేముల అంతరము రాదు.

పూర్వము దీనికి అంతు లేకుండెను. 1969 లో వింబుల్డనులో పాంచో గొంజాలెజ్, చార్లీ పసరెల్ అను అమెరికా వీరులు తలపడిరి. గొంజాలెజునకు అప్పటికి 41 ఏండ్లు. మొదటి సెట్టే 24–22 దాక సాగెను. దానిని ఓడినది ఆయనయే. రెండవది 1–6 గా ఓడి, పిమ్మట 16–14, 6–3, 11–9 తో మూడు సెట్లును గెలిచెను. మొత్తము 112 గేములు, 5 గంటల 12 నిమిషములు, రెండు దినములు. చూచువారికి అది వేడుకయే కాని, ఆడువారి దేహములకును, వేళలు ఏర్పఱచువారికిని అది తీఱని భారము.

ఆ కాలముననే అమెరికాలోని న్యూపోర్టున జేమ్స్ వాన్ ఆలెన్ అను పెద్దమనిషి యొకడు టెన్నిసు లెక్కను సంస్కరింపవలెనని పట్టుబట్టియుండెను. ఆయన పట్టుదల ఫలించి 1970 లో అమెరికా ఓపెను పోటీలలో టైబ్రేకు ప్రవేశించెను. అప్పటి పద్ధతిలో తొమ్మిది పాయింట్లే. ముందుగా అయిదు గెలిచినవారిది సెట్టు. ఇరువురును 4–4 వద్ద నిలిచినచో ఒక్క బంతితో ఇద్దఱి భాగ్యమును తేలిపోవుచుండెను. ఇది మిక్కిలి కఠినమని పలువురు తలచిరి. వింబుల్డనువారు 1971 లో వేఱొక పద్ధతిని స్వీకరించిరి. అందులో ఏడు పాయింట్లు రావలెను, రెండింటి అంతరమును ఉండవలెను. అమెరికావారును 1975 లో ఈ పద్ధతికే మాఱిరి. వింబుల్డనులో మొదట 8–8 వద్ద టైబ్రేకు పెట్టుచుండగా, 1979 నుండి 6–6 వద్దనే పెట్టసాగిరి. నేడు లోకమంతటను నడుచుచున్నది ఈ పద్ధతియే.

ఇక దాని నడకను చూతము. ఇద్దఱు బాలికలు, రమయు ఉమయు ఆడుచున్నారనుకొందము. సెట్టు 6–6 వద్దకు వచ్చినది. ఇప్పుడు 15, 30 అను లెక్క లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కింతురు. మొదటి బంతికి రమ సర్వీసు చేయును, ఒక్కమాఱే. తరువాత రెండు బంతులకు ఉమ. ఆపై రెండింటికి రమ. మఱల రెండింటికి ఉమ. ఇట్లు ముందు ఒకటి, పిదప రెండేసి. ఆఱు పాయింట్లు గడచినప్పుడెల్ల ఇద్దఱును మైదానపు కొసలు మార్చుకొందురు. ఏడు పాయింట్లు ముందుగా సంపాదించి, రెండింటి అంతరమున ఉన్నవారిది టైబ్రేకు, వారిదే సెట్టు. 6–6 అయినచో 8–6, 9–7 ఇట్లు అంతరము వచ్చువఱకు సాగును.

ఒకటి, రెండు, రెండు అను ఈ వరుస ఏల? రమ ఒకటి, ఉమ ఒకటి అని ఏల పెట్టరాదు? ఇక్కడనే యున్నది సూక్ష్మము. ఒకటికొకటి చొప్పున సాగినచో ప్రతి జంటలోను రమయే ముందు, ఉమయే వెనుక. ముందున్నవారు పాయింటు సంపాదించి కూర్చుండగా, వెనుకవారు ఎల్లప్పుడును సరిచేసికొనవలసినవారై యుందురు. ఒకటి, రెండు, రెండు అను వరుసను జంటలుగా విడదీసి చూడుడు: రమ–ఉమ, ఉమ–రమ, రమ–ఉమ, ఉమ–రమ. ప్రతి జంటలోను ఇద్దఱికిని ఒక్కొక్క సర్వీసు. ముందుండు భాగ్యము మాత్రము ఒకమాఱు రమది, ఒకమాఱు ఉమది.

ఇక రెండింటి అంతర మేల? 6–6 వద్దనుండి వరుసగా రెండు గెలువవలెనన్నచో, ఆ రెంటిలో ఒకటి తన సర్వీసు, ఒకటి ఎదుటివారి సర్వీసు. తన బలము చెల్లుచోట నిలిచినంతమాత్రమున చాలదు. ఎదుటివారి బలము చెల్లుచోటను ఒకమాఱు గెలువవలెను. మొసలి గట్టుమీదను గెలువవలెను, ఏనుగు నీటిలోను గెలువవలెను. కొసలు మార్చుకొనుటయు ఇట్టిదే. ఒకవైపు ఎండ కన్నులలో పడును, ఒకవైపు గాలి ఎదురు కొట్టును. ప్రతి ఆఱు పాయింట్లలోను ఇద్దఱికి మూడేసి సర్వీసులు వచ్చును గనుక, ఆఱేసి మాఱినచో ఎండగాలులు ఇద్దఱికిని సమముగా పంచబడును.

మన ప్రాంతమువారికి ఈ న్యాయము వింత కాదు. నల్లగొండ ప్రక్కనున్న పానగల్లు ఉదయసముద్రము వంటి పెద్ద చెఱువులు మొదలుకొని చిన్న కుంటలదాక మన మెట్టసీమ బ్రదుకు నీటివంతులమీదనే సాగినది. తూము దగ్గఱి మడికి నీరు తేలికగా ఎక్కును. ఆయకట్టు కొసనున్న మడికి రాక రాక వచ్చును. ప్రతిమాఱు తూమువాడే ముందు తడుపుకొన్నచో కొసవాని వరి ఎండిపోవును. అందుకే నీరటి యనువాడొకడు నిలిచి వంతులు చూచెడివాడు. వంతు అనగా సమముగా పంచుట మాత్రమే కాదు, ముందు వెనుకలను కూడ పంచుట. టైబ్రేకు చేయుచున్న పనియు నదియే.

ఇప్పుడు మన ఆడుబిడ్డ కథ. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జాగారు 2005 ఫిబ్రవరిలో ఆ నగరముననే జరిగిన మహిళల అంతర్జాతీయ పోటీలలో వ్యక్తిగత విజయము సాధించెను. ఆ శ్రేణి పోటీలలో అట్టి విజయమందిన మొదటి భారతస్త్రీ ఆమెయే. 2015 ఏప్రిలులో జంటల ఆటలో ప్రపంచమున మొదటి స్థానమునకు చేరెను. ఆ సంవత్సరము జూలై 11 న వింబుల్డను మహిళల జంటల తుదిపోరున స్విట్జర్లాండు క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో కలిసి, రష్యా జంటయగు ఎకతెరీనా మకరోవా, ఎలీనా వెస్నినాలతో తలపడెను.

మొదటి సెట్టు 5–7 గా సానియా జంట ఓడెను. రెండవది 6–6 వద్దకు వచ్చెను. ఆ క్షణము నెంచి చూడుడు. టైబ్రేకు పోయినచో ఆట అక్కడనే ముగియును. మూడవ సెట్టే లేదు. అంతవఱకు పడిన శ్రమయంతయు ఏడు పాయింట్ల కొసను వ్రేలాడుచున్నది. జంటల ఆటలోను టైబ్రేకు నియమము అదియే: నలుగురును తమ తమ వరుస తప్పక సర్వీసు చేయవలెను, ఈమె బాగుగా కొట్టుచున్నదని ఆమె వంతును ఈమె కీయ వీలులేదు. సానియా, హింగిస్‌లు ఆ టైబ్రేకును 7–4 తో గెలిచిరి. అంతరము మూడు పాయింట్లు మాత్రమే.

మూడవ సెట్టులో మఱల కష్టము. 2–5 తో వెనుకబడిరి. ఒక్క గేము పోయినచో ఓటమి. అక్కడినుండి ఒక్కొక్కటిగా లాగుకొనుచు 5–5 చేసిరి. వెలుతురు తగ్గుటచే మైదానపు పైకప్పును మూసి దీపములు వెలిగించిరి. పిమ్మట మఱి రెండు గేములు గెలిచి 5–7, 7–6, 7–5 తో విజయము పొందిరి. నాలుగు మహాపోటీలలో ఒకదానియందు మహిళల జంటల పోటీ గెలిచిన మొదటి భారతస్త్రీగా సానియా పేరు నిలిచెను. మూడవ సెట్టు పోరాటమును అందఱును పొగడుదురు, పొగడదగినదే. కాని ఆ సెట్టు ఆడు అవకాశమును సంపాదించి యిచ్చినది రెండవ సెట్టు టైబ్రేకని మఱువరాదు.

ఆనాటికి వింబుల్డనులో కడపటి సెట్టునకు టైబ్రేకు లేదు. తుది తీర్పు పూర్తి గేములతోనే రావలెనని పెద్దల పట్టు. ఆ పట్టునకు ఫలము 2010 జూనులో కనబడియే యుండెను. జాన్ ఇస్నర్, నికొలా మహూ అనువారి ఆటలో అయిదవ సెట్టు 70–68 దాక సాగెను. చీకటి పడి రెండుమాఱులు ఆపి, మూడవ దినమున ముగించిరి. మొత్తము 11 గంటల 5 నిమిషములు. గేముల లెక్క చూపు యంత్రము సైతము 47–47 వద్ద నిలిచిపోయెను. పిదప 2019 నుండి వింబుల్డనులో కడపటి సెట్టున 12–12 వద్ద టైబ్రేకు పెట్టిరి. 2022 నుండి నాలుగు మహాపోటీలలోను ఒకే నియమము వచ్చెను: కడపటి సెట్టు 6–6 అయినచో ఏడు గాక పది పాయింట్ల టైబ్రేకు, రెండింటి అంతరముతో. తుది తీర్పునకు కొంచెము ఎక్కువ వ్యవధి యిచ్చుట సముచితమే గదా.

ఇందు కొందఱు ఒక ఆక్షేపణ చెప్పుదురు. అది త్రోసివేయదగినది కాదు. 2019 వింబుల్డను పురుషుల తుదిపోరున నోవాక్ జకోవిచ్, రోజర్ ఫెదరరును ఓడించెను. జకోవిచ్ గెలిచిన మూడు సెట్లును టైబ్రేకులే. మొత్తము పాయింట్లను కూడి చూడగా ఫెదరరువి 218, జకోవిచ్‌వి 204. ఎక్కువ పాయింట్లు గెలిచినవాడు ఓడెను! ఇది న్యాయమా యని అడుగవచ్చును.

మా తలంపు చెప్పెదము. నియమము ఇద్దఱికిని ముందే తెలియును, ఇద్దఱికిని ఒకటే. ఎన్ని పాయింట్లు కూడబెట్టితి వని గాక, కీలకమగు వేళ నిలువగలిగితివా యని ఆ ఆట అడుగును. అడుగబోవు ప్రశ్న ముందే చెప్పి, ఇరువురను ఒకేరీతిగా అడిగినప్పుడు, వచ్చిన జవాబు మనకు చేదైనను దానిని అన్యాయమనరాదు. ఆట నడుమ ప్రశ్న మార్చినచో అది అన్యాయము. ఒకరిని ఒక ప్రశ్న, మఱొకరిని మఱొక ప్రశ్న అడిగినచో అది అన్యాయము.

ఇక్కడనే మన యిండ్లలోనికి రావలసియున్నది. సమానులైన బిడ్డల నడుమ తగవు వచ్చినప్పుడు మన మేమి చేయుచున్నాము? "పెద్దదానవు, నీవే సర్దుకొమ్ము" అందుము. "ఆడపిల్లవు, తమ్మునికి విడిచిపెట్టుము" అందుము. అనగా సర్వీసు ఎప్పుడును ఒకరిదే. ఎండ ఎప్పుడును ఒకరి కన్నులలోనే. పాలమూరు జిల్లాలో మే మెఱిగిన యొక యింట అక్కయు తమ్ముడును ఏడాది తేడాతో పదవ తరగతి దాటిరి. మార్కులు ఇద్దఱివియు ఇంచుమించు సమానమే. పట్నమున చదివించుటకు ఒక్కరికే డబ్బు చాలును. ఇంట ఎవరును చర్చింపలేదు. తమ్ముడు పట్నమునకు పోయెను. అక్క ఊరిలోనే ఆగెను. ఆ తల్లిదండ్రులు చెడ్డవారు కారు. కూతురిమీద ప్రేమ లేనివారును కారు. ఇద్దఱును సమానముగా నిలిచినప్పుడు ఏ నియమముచే తీర్పు చెప్పవలెనో వారు ముందుగా యోచింపలేదు. అందుచే తీర్పును అలవాటు చెప్పినది. నియమము లేనిచోట అలవాటే న్యాయాధిపతియగును. ఆ న్యాయాధిపతి తఱచు ఆడుబిడ్డకు వ్యతిరేకముగనే చెప్పును.

తల్లులారా, పెద్ద విషయములలో నియమమును ముందే నోట పలికి పెట్టుడు. బిడ్డలు తొమ్మిదవ తరగతిలో నుండగనే, డబ్బు ఒక్కరికే చాలినచో ఏ లెక్కచే నిర్ణయింతుమో ఇద్దఱిని కూర్చుండబెట్టి చెప్పుడు. ఈయేడు ఒకరు ఆగవలసివచ్చినచో మఱుసటి వంతు ఎవరిదో కూడ అప్పుడే చెప్పుడు. చెప్పినదానిని మార్చకుడు.

చిన్న విషయములలో దీనిని నేర్పుట ఇంకను సులభము. మన బాలానగరపు సీతాఫలములు గంపలో ఎనిమిది యున్నవనుకొనుడు. అన్నియు ఒకే పరిమాణమున నుండవు. ఇద్దఱు పిల్లలు ఒకటికొకటి ఏరుకొన్నచో ముందు చేయి పెట్టినవారికి ప్రతిమాఱు పెద్ద పండే దక్కును. మొదటివారిని ఒకటి తీసికొనుమనుడు, రెండవవారిని రెండు, మఱల మొదటివారిని రెండు, రెండవవారిని రెండు, కడపటిది మొదటివారికి. నాలుగేసి వచ్చును, ఏడుపు తగ్గును. బడిలో చెడుగుడునకు ఇద్దఱు నాయకురాండ్రు జట్లు ఏరుకొనునప్పుడును ఇదే వరుస పెట్టుడు. మొదట ఎవరు అనుదానికి మాత్రము బొమ్మ బొరుసు వేయుడు. టెన్నిసులోను ఆట మొదలిడునప్పుడు అట్లే చేయుదురు. అదృష్టమునకు అంతవఱకే చోటు.

ఆడుబిడ్డలను ఆటస్థలమునుండి త్వరగా ఇంటికి పిలుచుకొనకుడు. ఓడినచో ఏడ్చునని భయపడకుడు. సానియాగారు 2018 లో బిడ్డను కని, 2020 జనవరిలో మఱల మైదానమునకు వచ్చి హోబర్టు నగరమున జంటల పోటీ గెలిచెను. 2023 లో ఆటనుండి విరమించెను. ఆ నడుమ ఆమె ఓడిన ఆటలును ఎన్నియో కలవు. న్యాయమైన నియమముచే ఓడుట నేర్చినవారికి మఱల ఆడుటకు మనసు చెదరదు.

కడపట ఒక చిన్న విషయము. వార్తాపత్రికలో టైబ్రేకు సెట్టును 7–6 (4) అని వ్రాయుదురు. కుండలీకరణములోని అంకె గెలిచినవారిది కాదు, ఓడినవారిది. గెలిచినవారి లెక్క ఆ అంకెనుబట్టియే తెలిసిపోవును గనుక దానిని వ్రాయరు. వింబుల్డను చరిత్రలో 2015 నాటి ఆ సెట్టు ప్రక్కన నిలిచియున్న నాలుగు, మకరోవా, వెస్నినాలు సంపాదించిన నాలుగు. మీ పిల్లలు ఇంట ఆడుకొని లెక్క వ్రాసికొనునప్పుడు, వారిచేతను ఓడినవారి అంకెను వ్రాయింపుడు.